చావులేని మనిషి: లిమిటెడ్ కంపెనీల వింతలు, విశేషాలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో ఒక ప్రైవేటు కంపెనీ వాటాదారులంతా సర్వసభ్య సమావేశంలో కూర్చుని ఉండగా బాంబు పడింది. ఒక్కరూ మిగల్లేదు. కంపెనీ మాత్రం మిగిలింది! కంపెనీ చట్టం మీద ప్రామాణిక గ్రంథం రాసిన ప్రొఫెసర్ గోవర్ ఈ సంగతిని తన పుస్తకంలో ఎక్కించారు. సభ్యులు పోతే వాటాలు వారసులకు సంక్రమిస్తాయి తప్ప కంపెనీకి ఏమీ కాదు. దాని ప్రాణం మనుషుల్లో లేదు, రిజిస్ట్రారు ఇచ్చిన కాగితంలో ఉంది. పుట్టించేదీ చట్టమే, చంపేదీ చట్టమే.

ఇవాళ గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా నలుగురు కుర్రాళ్ళు కలిసి ఏదో మొదలుపెడితే ముందు సీఏ దగ్గరికి వెళ్ళి "ప్రైవేట్ లిమిటెడ్ చేయించండి సార్" అంటున్నారు. మంచిదే. అయితే ఆ లిమిటెడ్ అనే హామీ ఊరికే రాలేదు. దాని వెనక వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు, పైసా పైసా కూడబెట్టి వాటాలు కొన్నవాళ్ళు అందులో ఉన్నారు. అన్నిటికీ మూలం ఒక్క నియమం: నీ జేబు వేరు, కంపెనీ జేబు వేరు.

వయసులో పెద్దలు

ప్రపంచంలో ఎక్కువకాలం నడిచిన వ్యాపార సంస్థ జపాన్‌లోని కొంగో గుమి. క్రీ.శ. 578లో ఒసాకాలో షిటెన్నోజి బౌద్ధాలయం కట్టడంతో మొదలై, 1,400 ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఆలయాలు కడుతూ వచ్చింది. చివరికి అప్పుల పాలై 2006లో ఇంకో నిర్మాణ సంస్థలో కలిసింది. ఇది కుటుంబ వ్యాపారంగా రికార్డు. వాటాల లెక్క కావాలంటే స్వీడన్ వెళ్ళాలి. అక్కడి ఫాలున్ రాగి గనిలో ఎనిమిదో వంతు వాటాను పీటర్ అనే బిషప్పు తిరిగి తీసుకున్నట్టు 1288 నాటి పత్రం ఉంది. కాకతీయ రుద్రమదేవి ఓరుగల్లును ఏలుతున్న కాలం అది! ఆ గని కంపెనీయే స్టోరా. 1998లో ఫిన్లండ్ సంస్థతో కలిసి స్టోరా ఎన్సో అయ్యి, కాగితం, కలప వ్యాపారంలో ఇప్పటికీ ఉంది. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో పిండి మరలకు వాటాలు వేసుకున్న బాజాకల్ కంపెనీ 14వ శతాబ్దంలో మొదలై 1946లో జాతీయం అయ్యేదాకా నడిచింది.

ఇవి ఆధునిక చట్టం కింద పుట్టినవి కావు. బ్రిటన్ కంపెనీల రిజిస్టరులో ఇప్పటికీ బతికున్న అతి పాత కంపెనీ ఏ బ్యాంకో, రైల్వేయో అనుకుంటాం. కాదు, అది పశువుల సంత! కెంట్ జిల్లాలోని ఆష్‌ఫర్డ్ క్యాటిల్ మార్కెట్ కంపెనీ లిమిటెడ్ 1856లో నమోదైంది, రిజిస్ట్రేషన్ నంబరు 118. రైతులకు సంత నడుపుకోవడానికి పెట్టిన చిన్న కంపెనీ అన్ని పెద్ద పేర్లనూ దాటి నిలబడింది.

ఉత్తర అమెరికా పెద్దముత్తైదువ హడ్సన్స్ బే కంపెనీ. 1670 మే 2న ఇంగ్లండు రాజు ఇచ్చిన చార్టరుతో పుట్టింది. ఒకప్పుడు కెనడాలో పెద్ద భాగం నేల దాని అధీనంలో ఉండేది. 355 ఏళ్ళు నడిచి 2025 జూన్‌లో ఆఖరి దుకాణాలు మూసేసింది. పేరు కూడా అమ్ముడుపోయింది. కోర్టు కాగితాల్లో మిగిలిన సంస్థను ఇప్పుడు 1242939 బి.సి. అన్‌లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ అని ఒక అంకెతో పిలుస్తున్నారు. కంపెనీకి సహజ మరణం లేదన్నది నిజమే గానీ, అప్పు దాన్నీ చంపగలదు.

పనిమనిషి కొన్న షేరు

జనం ఎవరైనా వచ్చి వాటా కొనుక్కోవచ్చని తలుపులు తెరిచిన తొలి పెద్ద కంపెనీ డచ్చి ఈస్టిండియా కంపెనీ, పొట్టిగా వీఓసీ. 1602 మార్చి 20న చార్టరు వచ్చింది. ఆగస్టు నెలాఖరు దాకా పేర్లు రాసుకున్నారు. ఆంస్టర్‌డాంలో ఈ పని జరిగింది డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో. ఆ ఒక్క నగరం నుంచే 1,143 మంది డబ్బు రాశారు. మొత్తం 36 లక్షల గిల్డర్లకు పైమాటే. పెద్ద వర్తకులు వేలకు వేలు రాసిన అదే పుస్తకంలో నీల్ట్‌హెన్ కార్నెలిస్ అనే పేరు ఎదురుగా 100 గిల్డర్లు అని ఉంది. ఆవిడ ఆ ఇంట్లోనే పనిచేసే మనిషి. ఇంటికి వచ్చేవాళ్ళంతా డబ్బు కట్టి పేరు రాయించుకుపోతుంటే చూసి చూసి, తన కష్టార్జితం తెచ్చి తనూ రాయించుకుంది. నాలుగు వందల ఏళ్ళ కంపెనీ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించిన పేరు ఆవిడది. గవర్నర్ల, వ్యాపార ప్రభువుల పేర్లు ఎన్ని చదివినా ఆ 100 గిల్డర్లే గుర్తుండిపోతాయి.

ఇంకో విశేషం, ఆ పుస్తకం మొదటి పేజీలోనే వాటాను వేరేవాళ్ళకు బదలాయించుకోవచ్చని రాసిపెట్టారు. కంపెనీ గుమస్తా ముందు పేరు మార్పించుకుంటే చాలు. నేటి స్టాక్ మార్కెట్‌కు బీజం ఆ ఒక్క వాక్యం. మనకు దొరికిన వీఓసీ వాటా పత్రాల్లో అన్నిటికంటే పాతది 1606 సెప్టెంబరు 9 నాటిది. 2010లో ఒక విద్యార్థి హోర్న్ పట్టణ దస్తావేజుల్లో వెతుకుతూ కనుక్కున్నాడు.

ఈ కథ మనకు దూరం కాదు. 1605లోనే డచ్చివాళ్ళు బందరు (మచిలీపట్నం) వచ్చారు. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా పొందారు. కోరమాండల్ తీరంలో వాళ్ళు మొదట కాలుపెట్టింది తెలుగు రేవుల్లోనే. 1600 డిసెంబరు 31న పుట్టిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో తూర్పు తీరాన తొలి వర్తక స్థావరం పెట్టుకున్నదీ మచిలీపట్నంలోనే. అంటే ఆంస్టర్‌డాం వాటాదారుల పెట్టుబడికీ, లండన్ వర్తకుల పెట్టుబడికీ లాభం తెచ్చిన సరుకుల్లో మన కలంకారీ అద్దకాలు, మన నేతగాళ్ళ గుడ్డలు ఉన్నాయి. బందరులోనూ భీమిలిలోనూ డచ్చివారి సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. వీఓసీ 1799తో ముగిసింది. ఇంగ్లీషు కంపెనీ మన దేశాన్నే ఏలి, అధికారం పోయాక కూడా కాగితం మీద కొనసాగి, 1874 జూన్ 1న అధికారికంగా రద్దయింది.

షేరు కొన్న పాపానికి ఇల్లు పోయింది

లిమిటెడ్ అన్న హామీ లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే స్కాట్లండులోని సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు సంగతి చదవాలి. 1878 అక్టోబరు 2న ఆ బ్యాంకు తలుపులు మూసేసింది. డైరెక్టర్లు దొంగ లెక్కలు రాశారని తరువాత తేలింది. అది అపరిమిత బాధ్యత ఉన్న బ్యాంకు, అంటే బ్యాంకు చేసిన అప్పుకు వాటాదారులంతా తమ సొంత ఆస్తితో సహా పూచీ. బ్యాంకు లెక్కలు తేల్చడానికి వచ్చిన లిక్విడేటర్లు 100 పౌండ్ల వాటాకు మొదట 500 పౌండ్లు కట్టమన్నారు. చాలక మళ్ళీ 2,250 పౌండ్లు కట్టమన్నారు. వంద పెట్టినవాడు రెండువేల ఏడువందల యాభై కట్టాలన్నమాట! మొత్తం 1,819 మంది వాటాదారుల్లో చివరికి దివాలా తీయకుండా నిలిచింది 254 మందే. ఆ వాటాదారుల్లో చాలామంది బ్యాంకు వ్యవహారం ఏమీ తెలియని సామాన్యులు.

బ్రిటన్‌లో అప్పటికే 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది. 1856లో రాబర్ట్ లో తెచ్చిన చట్టంతో ఏడుగురు సంతకాలు పెడితే కంపెనీ పెట్టుకునే వీలు కలిగింది. ఆ మరుసటి సంవత్సరమే, సిపాయిల తిరుగుబాటు జరిగిన ఆ 1857లోనే, మన దేశంలోనూ పరిమిత బాధ్యతను అనుమతించే చట్టం వచ్చింది. బ్యాంకులకు మాత్రం 1860 దాకా ఆ సౌకర్యం ఇవ్వలేదు.

చెప్పుల వ్యాపారి, పైలట్, కలప యజమాని

కంపెనీ చట్టంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన కేసు ఏ కోటీశ్వరుడిదీ కాదు. లండన్ వైట్‌చాపెల్‌లో బూట్లు కుట్టించి అమ్మే ఆరన్ సాలమన్‌ది. 1892లో తన వ్యాపారాన్ని తనే పెట్టిన కంపెనీకి సుమారు 39,000 పౌండ్లకు అమ్మాడు. చట్టానికి ఏడుగురు సభ్యులు కావాలి కాబట్టి భార్య, కూతురు, నలుగురు కొడుకులకు తలా ఒక వాటా ఇచ్చాడు. మొత్తం 20,007 వాటాల్లో తనవి 20,001. తనకు రావలసిన సొమ్ములో 10,000 పౌండ్లకు డిబెంచర్లు రాయించుకున్నాడు, అంటే సొంత కంపెనీకే తాను తాకట్టు అప్పిచ్చినట్టు. ఏడాది తిరగకుండా వ్యాపారం దెబ్బతింది. మిగిలిన అప్పులవాళ్ళకు ఏమీ దక్కలేదు. కంపెనీ అంటే సాలమనే, ఆ అప్పులు ఆయనే కట్టాలని లిక్విడేటరు కోర్టుకెక్కాడు. కింది కోర్టు, అప్పీలు కోర్టు రెండూ సాలమన్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. అప్పటికి ఆయన దగ్గర చిల్లిగవ్వ లేదు. పేదవాడిగా ఫీజు మినహాయింపు తీసుకుని, అప్పట్లో ఆఖరి కోర్టు కూడా అయిన ప్రభువుల సభకు అప్పీలు చేసుకున్నాడు. 1896 నవంబరులో ప్రభువుల సభ ఏకగ్రీవంగా చెప్పింది: కంపెనీ వేరు, సాలమన్ వేరు. ప్రపంచంలో ఎన్నో దేశాల కంపెనీ చట్టం, మన దేశంతో సహా, ఆ చెప్పుల దుకాణం తీర్పు మీద నిలబడి ఉంది.

ఆ నియమం ఒక కుటుంబానికి అన్నం పెట్టింది కూడా. న్యూజీలాండులో జెఫ్రీ లీ విమానంతో పొలాలకు ఎరువు చల్లే కంపెనీ పెట్టాడు. 3,000 వాటాల్లో 2,999 ఆయనవే. మేనేజింగ్ డైరెక్టరూ ఆయనే, జీతం తీసుకునే పైలట్టూ ఆయనే. 1956లో విమానం కూలి చనిపోయాడు. భార్య పరిహారం అడిగితే, తనకు తానే యజమాని అయిన మనిషి కార్మికుడు ఎలా అవుతాడన్నారు. 1960లో ప్రీవీ కౌన్సిల్ యజమాని కంపెనీ, పనివాడు లీ అని తేల్చింది. ఆయన భార్యకు కార్మికుల నష్టపరిహారం దక్కింది.

అదే నియమం ఇంకొకరిని ముంచింది. ఐర్లండులోని కిల్లీమూన్ ఎస్టేటులో కలపంతా తన కంపెనీకి అమ్మేసిన మకౌరా అనే ఆయన, బీమాను మాత్రం తన సొంత పేరున ఉంచుకున్నాడు. 1922లో కలప కాలిపోయింది. బీమా సంస్థ పైసా ఇవ్వనంది. కాలింది కంపెనీ కలప, మీది కాదు కదా అంది. 1925లో ప్రభువుల సభ కూడా అదే మాట అంది. మన దగ్గర కంపెనీ పెట్టాక కూడా లారీ నాన్నగారి పేరు మీద, గోడౌన్ బీమా అన్నయ్య పేరు మీద ఉంచేసేవాళ్ళు ఎందరో. మకౌరా కేసు వాళ్ళకు ఎవరైనా ముందే చెప్పాలి.

ఒక్కడి సమావేశం

కార్న్‌వాల్‌లో ఒక గని కంపెనీ ఉండేది. లండన్‌లో దాని సమావేశం పిలిస్తే వచ్చింది ఒకే ఒక్క వాటాదారు, ఆయన పక్కన కార్యదర్శి. వచ్చినాయన తనే అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడు. వాటాదారులు ఇంకా డబ్బు కట్టాలని తీర్మానం ప్రతిపాదించి, తనే ఆమోదించాడు. ఆఖరున అధ్యక్షుడికి ధన్యవాదాలు చెప్పే తీర్మానం కూడా పెట్టి నెగ్గించాడు! డబ్బు కట్టనన్న ఒక సభ్యుడు కోర్టుకు వెళ్తే, ఒక్క మనిషితో సమావేశం జరగదని 1876లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

మన 2013 కంపెనీల చట్టం ఆ చిక్కును చక్కగా దాటింది. ఏక వ్యక్తి కంపెనీలో సభ్యుడు ఒక్కడే కాబట్టి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసి తేదీ వేసి సంతకం పెడితే అదే సమావేశం. సాలమన్‌కు ఈ చట్టం ఉంటే ఆరుగురు కుటుంబ సభ్యుల పేర్లు అవసరమే ఉండేది కాదు. మరో కొసన, లక్షల మంది వాటాదారులున్న పబ్లిక్ కంపెనీకైనా సర్వసభ్య సమావేశం కోరం 30 మందే. సభ్యులు 5,000 దాటితే ఎంత దాటినా అంతే. అయితే 1980ల్లో ముంబైలో రిలయన్స్ వార్షిక సమావేశానికి వేలమంది మదుపరులు తరలివచ్చి, ఫుట్‌బాల్ మైదానంలో షామియానాలు వేసి నడపాల్సి రావడం పత్రికలకు పెద్ద వార్త అయింది.

స్వదేశీ వాటాలు

ఈ దేశంలో షేరు కొనడం ఒకప్పుడు దేశభక్తి. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. మూలధనం 10 లక్షలు. వాటా 25 రూపాయలు, మొత్తం 40,000 వాటాలు. ఇంగ్లీషువాళ్ళ ఓడలకు పోటీగా తూత్తుకుడి, కొలంబో మధ్య ఓడలు నడిపారు. తెల్లదొరల కంపెనీ టికెట్ ధర తగ్గించి, తగ్గించి వెంటపడింది. 1908లో ఆయన్ని జైలుకు పంపారు. 1911లో కంపెనీ మూతపడింది.

1907లో టాటా ఉక్కు కంపెనీ లండన్‌లో పెట్టుబడి దొరక్క వాటాలను ఇక్కడే అమ్మకానికి పెట్టింది. బొంబాయి ఆఫీసు ముందు పొద్దున్నుంచి రాత్రిదాకా జనం. మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు కావలసిన మూలధనమంతా ఇచ్చేశారు. ఆ రోజుల్లో టెలివిజన్ లేదు, ఫోన్లు కూడా కొందరికే. ఇప్పటి ఐపీఓల హడావిడి చూసేవాళ్ళు ఆ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

తెలుగువాళ్ళ వంతు 1923లో వచ్చింది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును నవంబరు 20న రిజిస్టరు చేయించి, 28న తెరిచారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వాటాల కంపెనీల పేరుతో దిగిన ఊళ్ళోనే, మూడు వందల ఏళ్ళ తరువాత, వైద్యం చదివిన ఒక తెలుగు స్వాతంత్ర్య సమరయోధుడు సొంత కంపెనీ పెట్టి రైతు దగ్గరా చిన్న వర్తకుడి దగ్గరా డిపాజిట్లు సేకరించాడు. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బందరు గురించి మాట్లాడేవాళ్ళు లడ్డూ, కలంకారీలతోపాటు ఈ చరిత్రనూ చెప్పుకోవాలని నా కోరిక.

ఒకే గుమ్మం, లక్షల కంపెనీలు

అమెరికాలో డెలావేర్ చిన్న రాష్ట్రం, జనాభా 10 లక్షలకు కాస్త అటూ ఇటూ. అక్కడ నమోదైన సంస్థలు 20 లక్షలు దాటాయి! విల్మింగ్టన్ నగరంలో 1209 నార్త్ ఆరెంజ్ వీధిలో ఒక మామూలు భవనం 2012 నాటి లెక్క ప్రకారం 2,85,000 వ్యాపార సంస్థలకు చట్టపరమైన చిరునామా. కేమన్ దీవుల్లో ఉగ్లాండ్ హౌస్ అనే అయిదంతస్తుల భవనంలో 18,857 సంస్థలు ఉన్నట్టు 2008లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ లెక్కతేల్చింది.

బ్రిటన్‌లో 2024 మే దాకా ఇంటర్నెట్‌లో 12 పౌండ్లకే కంపెనీ రిజిస్టరు అయ్యేది. ఎవరు, ఏమిటి అని అడిగేవాళ్ళు లేరు. 2013లో ఒక వ్యాపారి ఈ లొసుగును రుజువు చేయాలని అప్పటి వ్యాపార శాఖ మంత్రి విన్స్ కేబుల్‌నే ఆయనకు తెలియకుండా డైరెక్టరుగా పెట్టి కంపెనీ తెరిచాడు. ఆ సంగతి తనే అధికారులకు తెలియజేశాడు. తప్పుడు వివరాలు ఇచ్చిన నేరానికి 2018లో మొదటిసారి శిక్షపడింది ఆయనకే! డైరెక్టర్ల గుర్తింపు తనిఖీ అక్కడ తప్పనిసరి అయ్యింది 2025 నవంబరులో. 2016లో ఇంకొకాయన తన కంపెనీ పేరునే కంప్యూటర్ డేటాబేసును చెరిపేసే ఆదేశంలా "డ్రాప్ టేబుల్ కంపెనీస్" అని, ముందూ వెనకా ఆ గుర్తులన్నీ పెట్టి రిజిస్టరు చేయించుకున్నాడు. రిజిస్టరుకు ఏమీ కాలేదు, పేరు మాత్రం ఎక్కింది.

మన దేశంలో ప్రతి కంపెనీకీ 21 అక్షరాల గుర్తింపు సంఖ్య, సీఐఎన్ ఉంటుంది. అది చదవడం తెలిస్తే కంపెనీ జాతకం తెలిసినట్టే. డాక్టర్ రెడ్డీస్ సంఖ్య ఎల్85195టీజీ1984పీఎల్‌సీ004507. మొదటి ఎల్ అంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న కంపెనీ, లేకపోతే అక్కడ యు ఉంటుంది. తరువాతి అయిదంకెలు పరిశ్రమ. టీజీ తెలంగాణ, 1984 పుట్టిన ఏడాది, పీఎల్‌సీ పబ్లిక్ లిమిటెడ్, చివరిది రిజిస్ట్రేషన్ నంబరు. పుట్టినప్పుడు ఉమ్మడి రాష్ట్రం, ఇప్పుడు టీజీ. రాష్ట్ర విభజన ఆ రెండక్షరాల్లో కనిపిస్తుంది. ఎవరైనా "మా కంపెనీలో డబ్బు పెట్టండి" అని వస్తే, ముందు లెటర్‌హెడ్ మీద ఈ సంఖ్య చూడండి. ఉండి తీరాలి.

డబ్బులో రికార్డులు

ప్రపంచంలో అతిపెద్ద పబ్లిక్ ఇష్యూ సౌదీ ఆరామ్‌కోది. 2019 డిసెంబరులో వాళ్ళు సేకరించింది 2,560 కోట్ల డాలర్లు, అదనపు వాటాలతో కలిపితే 2,940 కోట్లు. మన దేశంలో ఎల్ఐసీ రికార్డును దాటి, 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల రూపాయలతో మొదటి స్థానంలోకి వచ్చింది. 5 లక్షల కోట్ల డాలర్ల మార్కెట్ విలువను తొలిసారి అందుకున్నది ఎన్విడియా, 2025 అక్టోబరులో.

వీటికంటే వింత ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కథ. ఆసియన్ పెయింట్స్‌లో వాటాలున్న చిన్న కంపెనీ ఇది. ఏళ్ళ తరబడి దాని షేరు మార్కెట్‌లో 3 రూపాయల చిల్లర దగ్గరే ఉండిపోయింది. ఆ ధరకు అమ్మేవాళ్ళే లేరు, ఎందుకంటే దాని చేతిలోని ఆస్తి విలువ ఒక్కో షేరుకు లక్షల్లో ఉంది. అసలు ధర తేల్చడానికి ప్రత్యేక వేలం పెడితే, 2024 అక్టోబరు 29న 3.53 రూపాయల షేరు ఒక్కరోజులో 2,36,250 రూపాయలైంది. లక్ష రూపాయలు దాటిన తొలి భారతీయ షేరుగా 2023 జూన్‌లో రికార్డు కొట్టిన ఎంఆర్‌ఎఫ్‌ను అది ఒక్క గెంతులో దాటేసింది.

హైదరాబాదుకు ఒక చేదు రికార్డు ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవు. మన దేశంలో అంతవరకూ ఎరగని లెక్కల మోసం. అమెరికాలోని వాటాదారులు ఉమ్మడి దావా వేసి సత్యం నుంచే 12.5 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు. మన మదుపరులకు అలాంటి దావా వేసే దారే అప్పటి చట్టంలో లేదు. 2013 చట్టంలో ఉమ్మడి దావాకు దారిచ్చిన 245వ సెక్షను, ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్న నియమం, తరువాత ఆడిటర్ల మీద నిఘాకు ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ, ఇవన్నీ ఆ గాయం నేర్పినవే. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలని పెద్ద కంపెనీలకు చట్టంలోనే రాసిన తొలి దేశాల్లో మనదొకటన్న మంచి పేరు కూడా ఈ చట్టానిదే. 2014 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది.

పుట్టుక సులువు, పోషణ కష్టం

ప్రపంచబ్యాంకు లెక్కలు వేసిన రోజుల్లో కంపెనీ పెట్టడంలో న్యూజీలాండుదే మొదటి స్థానం. ఒకే దరఖాస్తు, సగం రోజు. మన దగ్గర కూడా ఇప్పుడు పని చాలా తేలికైంది. డిజిటల్ సంతకం, పేరు ఖరారు, స్పైస్ ప్లస్ ఫారం, దాంతోనే పాన్, టాన్. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు, పబ్లిక్‌కు ఏడుగురు. కనీస మూలధనం లక్ష ఉండాలన్న షరతు 2015లో తీసేశారు. అధీకృత మూలధనం 15 లక్షల దాకా కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, రాష్ట్రానికి స్టాంపు డ్యూటీ, పేరు ఫీజు, సీఏ ఖర్చు మాత్రమే.

అసలు పని సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదలవుతుంది. 30 రోజుల్లో తొలి బోర్డు మీటింగు పెట్టి ఆడిటరును నియమించాలి. రెండు నెలల్లో వాటా పత్రాలు ఇవ్వాలి. వాటా డబ్బు కంపెనీ బ్యాంకు ఖాతాలో పడ్డట్టు 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయాలి, మరిస్తే కంపెనీకి 50,000 జరిమానా. ఏటా సర్వసభ్య సమావేశం, దాని తరువాత 30 రోజుల్లో లెక్కలు, 60 రోజుల్లో వార్షిక రిటర్ను. వ్యాపారం లేదు, లావాదేవీ లేదు, సున్నా బ్యాలెన్సు అన్నా ఇవి తప్పవు. ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100 రూపాయలు, గరిష్ఠ పరిమితి లేదు. ఒక్క ఏడాది రెండు ఫారాలు మూడేళ్ళు ఆలస్యంగా వేస్తే 2,19,000 రూపాయలు! కంపెనీ పెట్టేటప్పుడు అయిన ఖర్చుకు ఇది ఎన్ని రెట్లో చూసుకోండి. కొన్నాళ్ళు పని ఆపాలనుకుంటే 455వ సెక్షను కింద నిద్రాణ కంపెనీ హోదా తీసుకోవచ్చు. వద్దనుకుంటే పద్ధతిగా మూసేయవచ్చు, అందుకు 2023లో సి-పేస్ అనే కేంద్రం కూడా పెట్టారు. గాలికి వదిలేయడం ఒక్కటే కుదరదు.

వదిలేసినవాళ్ళు ఎందరంటే, 2025 జనవరి నాటికి దేశంలో నమోదైన కంపెనీలు 28 లక్షలు దాటితే నడుస్తున్నవి సుమారు 18 లక్షలే. 2017-18 ఒక్క ఏడాదిలోనే ప్రభుత్వం 2.26 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి కొట్టేసింది. వరసగా మూడేళ్ళు రిటర్నులు వేయని కంపెనీల్లో ఉన్న పాపానికి 3 లక్షలమందికి పైగా డైరెక్టర్లు అనర్హులయ్యారు. అనర్హత అయిదేళ్ళు. ఈలోగా వాళ్ళు ఇంకే కంపెనీలోనూ కొత్తగా డైరెక్టరుగా చేరలేరు. అన్ని లక్షల మందిలో నిజంగా కంపెనీ నడిపినవాళ్ళు కొందరే అయి ఉండాలి. "ఊరికే పేరు కోసం బావా, సంతకం పెట్టు" అంటే పెట్టినవాళ్ళు, ఇల్లు దాటి ఎప్పుడూ ఆఫీసు మొహం చూడని అక్కలు, వదినలు, రిటైరైన నాన్నలు మన ఇళ్ళలోనే ఉన్నారు.

మీరు ఎప్పుడైనా ఎవరి కంపెనీకైనా అలా సంతకం పెట్టి ఉంటే, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో మీ డైరెక్టరు గుర్తింపు సంఖ్య (డిన్), ఆ కంపెనీ పరిస్థితి ఈ వారమే చూసుకోండి. అవసరం లేదనుకుంటే రాజీనామా లేఖ ఇచ్చి, కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం వేసిందో లేదో కనుక్కోండి. వేయకపోతే మీరే డీఐఆర్-11 వేసి, దాని చలాను జాగ్రత్తగా దాచుకోండి.